విశ్వస్పందనకు చెవి ఒగ్గిన యంత్రం

పాఠ్యభాగ ఉద్దేశం

అంతరిక్షపు లోతులనుండి వచ్చే గురుత్వ తరంగాలను పసిగట్టే లేజర్ వ్యతికరణమాపకం ఎలా పనిచేస్తుందో, దానిని శాస్త్రజ్ఞులు ఎందుకు మళ్లీ మళ్లీ సంస్కరించవలసి వచ్చిందో, ఆ కృషిలో భారతదేశపు భాగస్వామ్యం ఎటువంటిదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

రెండు ఊళ్లు – ఒక ప్రకంపన

1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి పరిసరాలలో ఘోరమైన భూకంపం సంభవించింది. దాదాపు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రకంపనలు తెలంగాణ వరకు వ్యాపించాయి.

భూకంప తరంగాలలో అన్నిటికన్న ముందుగా సాగేది భూమి పైపొరలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. నాడు నిజామాబాదు జిల్లాలోను, నేడు కామారెడ్డి జిల్లాలోను ఉన్న రెండు పట్టణాలను తీసుకుందాం. కిల్లారి వాటికి పడమటి దిక్కున ఉంది. కామారెడ్డి కన్న ఎల్లారెడ్డి కిల్లారికి ముప్ఫై కిలోమీటర్లకు పైగా దగ్గర. కనుక తొలి తరంగం ఎల్లారెడ్డిని తాకిన అయిదారు సెకన్ల తరువాత కామారెడ్డిని తాకి ఉండాలి. రెండు చోట్లా గడియారాలు సరిచూసిన భూకంపలేఖినులు ఉంటే చాలు, ఆ కొద్దిపాటి కాలభేదమే కంపం పడమటి వైపున పుట్టిందని చెప్పగలదు.

ఎక్కడో దూరాన జరిగిన సంఘటన, దాని వార్తను మోసుకువచ్చే తరంగం, తరంగాన్ని అందుకునే సాధనం, రెండు చోట్ల అందిన వేళల మధ్య తేడా – ఈ నాలుగింటినీ గుర్తుంచుకుంటే ఈ పాఠం సుబోధకమవుతుంది. అయితే ఇక్కడ కంపించేది నేల కాదు. నేలను, నింగిని, సమస్త నక్షత్రరాశిని తనలో ఇముడ్చుకొన్న స్థలకాలమే కంపిస్తుంది.

గురుత్వ తరంగం అంటే ఏమిటి?

ద్రవ్యరాశి తన చుట్టూ ఉన్న స్థలకాలాన్ని వంచుతుందని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 1915లో సాధారణ సాపేక్షతా సిద్ధాంతం ద్వారా ప్రతిపాదించాడు. భారీ ద్రవ్యరాశులు అతివేగంగా ఒకదాని చుట్టూ ఒకటి పరిభ్రమించినప్పుడు ఆ వంపు అలలుగా మారి, కాంతివేగంతో నలుదిక్కులా వ్యాపిస్తుందని 1916లో వివరించాడు. ఆ అలలే గురుత్వ తరంగాలు. తరంగం దాటిపోయేటప్పుడు ఒక దిశలో దూరాలు పిసరంత సాగుతాయి. దానికి లంబంగా ఉన్న దిశలో పిసరంత కుంచించుకుపోతాయి. మరుక్షణం సాగినది కుంచించుకుపోతుంది, కుంచించుకుపోయినది సాగుతుంది.

ఆ మార్పు ఎంత? భూమిని చేరిన బలమైన తరంగం కూడా కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య ఉన్న దూరమంతటినీ ఒక ప్రోటాను వ్యాసంలో ముప్ఫయ్యో వంతైనా మార్చలేదు. సూర్యుని తరువాత మనకు అత్యంత సమీపంలో ఉన్న నక్షత్రం సుమారు 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ దూరంలో ఒక వెంట్రుక మందమంత తేడాను గుర్తించడం ఎంత కష్టమో, ఈ కొలత అంత కష్టం.

1960 దశకంలో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ వెబర్ పెద్ద అల్యూమినియం స్తంభాలతో ఈ తరంగాలను పట్టడానికి పూనుకొన్నాడు. పట్టుకొన్నానని 1969లో ప్రకటించాడు కూడా. కాని ఇతర ప్రయోగశాలలలో ఆ ఫలితం రాలేదు. 1974లో హల్స్, టేలర్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్న జంట న్యూట్రాన్ తారలు క్రమక్రమంగా చేరువవుతున్న తీరు ఐన్‌స్టీన్ లెక్కకు సరిపోయింది. అది తరంగాల ఉనికికి పరోక్ష సాక్ష్యం మాత్రమే. ప్రత్యక్ష సాక్ష్యానికి కొత్త సాధనం కావలసివచ్చింది.

వ్యతికరణమాపకం పనిచేసే తీరు

ఆ సాధనానికి మూలసూత్రం పాతదే. 1887లో మైకెల్సన్, మోర్లే తమ ప్రసిద్ధ ప్రయోగంలో వ్యతికరణమాపకాన్ని వాడారు. దాని ద్వారా గురుత్వ తరంగాలను పట్టే మార్గాన్ని, అందుకు ఎదురయ్యే ఆటంకాలన్నిటితో సహా, 1972లో రైనర్ వైస్ సవివరంగా లెక్కగట్టాడు. కిప్ థోర్న్, రొనాల్డ్ డ్రెవర్ ఆయనకు తోడయ్యారు. వారి కృషి ఫలితంగా అమెరికాలో ‘లైగో’ అనే సంస్థ రూపొందింది. 1994లో దాని సారథ్యం వహించిన బారీ బారిష్ ఆలోచనను ఆచరణలోకి తెచ్చాడు. వాషింగ్టన్ రాష్ట్రంలోని హ్యాన్‌ఫర్డ్‌లో ఒకటి, అక్కడికి సుమారు 3000 కిలోమీటర్ల దూరాన లూసియానా రాష్ట్రంలోని లివింగ్‌స్టన్‌లో ఒకటి, రెండు వేధశాలలు వెలిశాయి.

ఒక్కొక్క వేధశాలలో లంబకోణంలో కలిసే రెండు పొడవైన గొట్టాలు ఉంటాయి. వీటిని భుజాలంటారు. ఒక్కొక్క భుజం పొడవు 4 కిలోమీటర్లు. భుజాలు కలిసే చోట లేజర్ కిరణాన్ని ఒక ప్రత్యేక దర్పణం రెండుగా చీలుస్తుంది. రెండు పాయలు చెరొక భుజంలోకి వెళ్లి, అక్కడి దర్పణాల మధ్య సుమారు మూడువందల మార్లు అటూ ఇటూ ప్రతిఫలించి, తిరిగి ఒకచోట కలుస్తాయి. కలిసేటప్పుడు ఒక పాయలోని శిఖరం రెండవ పాయలోని లోయతో కలిసేటట్లు అమరుస్తారు. అందువల్ల రెండు కాంతులు కలిసి దాదాపు చీకటి అవుతుంది. గురుత్వ తరంగం వచ్చి ఒక భుజాన్ని సాగదీసి, రెండవ దానిని కుదించిందంటే ఆ అమరిక చెదురుతుంది. చీకటిలో చిన్న వెలుగు తొణికిసలాడుతుంది. ఆ వెలుగు హెచ్చుతగ్గులే తరంగపు చేవ్రాలు.

గాలి అణువులు కాంతిని చెదరగొట్టకుండా భుజాల లోపల గాలిని తోడివేస్తారు. అక్కడ మిగిలే పీడనం బయటి వాతావరణ పీడనంలో లక్ష కోట్ల వంతు మాత్రమే.

మౌన సంవత్సరాలు

తొలి లైగో 2002లో పరిశీలన ప్రారంభించి 2010 వరకు పనిచేసింది. ఆ ఎనిమిదేళ్లలో ఒక్క తరంగం కూడా దానికి చిక్కలేదు. ప్రజాధనం వృథా అయిందన్న సందేహం కలగడం సహజం. కాని ఆ కాలంలో శాస్త్రజ్ఞులు నేర్చుకొన్నది తక్కువ కాదు. తమ యంత్రంలో పుట్టే రొద ఎన్ని విధాలో, ఏది ఎక్కడనుండి వస్తున్నదో వారు ఒక్కొక్కటిగా తెలుసుకొన్నారు.

ఆ రోజులలోనే వారికి ఒక అగ్నిపరీక్ష ఎదురైంది. 2010 సెప్టెంబరు 16న యంత్రంలో అచ్చమైన గురుత్వ తరంగం వంటి సంకేతం కనబడింది. అది వచ్చినట్లు తోచిన దిక్కునుబట్టి దానికి ‘బిగ్ డాగ్’ అని పేరుపెట్టారు. శాస్త్రజ్ఞులు నెలల తరబడి దానిని పరిశీలించి, ప్రకటనకు వ్యాసం కూడా సిద్ధం చేశారు. అయితే తమ నిజాయితీని, నేర్పును పరీక్షించుకోవడానికి కొద్దిమంది రహస్యంగా కృత్రిమ సంకేతాన్ని చొప్పించే ఏర్పాటు ఆ బృందంలో ముందునుండే ఉంది. 2011 మార్చిలో కాలిఫోర్నియాలోని ఆర్కేడియా పట్టణంలో అందరి సమక్షంలో ఆ రహస్యం విప్పారు. సంకేతం కృత్రిమమని తేలింది. ఆశాభంగం కలిగినా, నిజమైన తరంగం వస్తే యంత్రమూ మనుషులూ దానిని గుర్తించగలరని రుజువైంది. కోరుకొన్నది కనబడినప్పుడే ఎక్కువగా శంకించాలన్న నియమాన్ని వారు ఆచరణలో చూపారు.

పునర్నిర్మాణం

2010 నుండి 2015 వరకు లైగోను దాదాపు కొత్తగా నిర్మించారు. భవనాలు, గొట్టాలు పాతవే. లోపలి సాధనాలు కొత్తవి. ఇక్కడ ఒక ముఖ్య విషయం గ్రహించాలి. దూరపు సంకేతాన్ని యంత్రం పెద్దది చేయలేదు. దాని చేతిలో ఉన్నది తనలోని రొదను తగ్గించుకోవడం ఒక్కటే. సంస్కరణలన్నీ ఆ లక్ష్యంతోనే జరిగాయి.

మొదటి శత్రువు నేల. సముద్రపు అలలు, గాలి, వాహనాలు – వీటన్నిటి వల్ల నేల ఎల్లప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఊయల తాడును పట్టుకొని అతివేగంగా అటూ ఇటూ వణికిస్తే కింది పీట దాదాపు కదలదు. ఈ సూత్రాన్నే వాడి, దర్పణాన్ని ఒకదాని కింద ఒకటిగా నాలుగు లోలకాలకు వేలాడదీశారు. దాని పైన ఉన్న వేదిక నేల కదలికను కొలిచి, అందుకు ఎదురుగా తానే కదిలి కంపాన్ని చాలావరకు రద్దు చేస్తుంది.

రెండవ శత్రువు వేడి. ఏ పదార్థంలోనైనా అణువులు వేడివల్ల నిరంతరం వణుకుతుంటాయి. తొలి లైగోలో సుమారు పదకొండు కిలోల దర్పణాలను ఉక్కు తీగలతో వేలాడదీశారు. కొత్త లైగోలో స్వచ్ఛమైన సిలికా గాజుతో చేసిన 40 కిలోల దర్పణాలను అమర్చారు. వాటిని మోసేవి 0.4 మిల్లీమీటర్ల మందం గల గాజు పోగులు. ఉక్కు తీగకంటె అటువంటి గాజు పోగులో వేడివల్ల కలిగే రొద చాలా తక్కువ.

మూడవ శత్రువు కాంతి స్వభావమే. కాంతి ఫోటానులనే కణాలుగా వస్తుంది. చినుకులు రేకుల పైకప్పు మీద ఎడాపెడా పడినట్లు అవి వచ్చి పడుతుంటే కొలతలో తడబాటు తప్పదు. కాంతిని పెంచితే ఆ తడబాటు తగ్గుతుంది. కాని ఎక్కువ కాంతి దర్పణాన్ని నెట్టి కదిలిస్తుంది. దర్పణాల బరువు పెంచడానికి ఇదీ ఒక కారణం.

ఈ సంస్కరణలు యంత్రపు సునిశితత్వాన్ని పది రెట్లు పెంచాలని సంకల్పించారు. పది రెట్లు దూరం వినగలిగితే, వెయ్యి రెట్లు ఎక్కువ విశ్వభాగం వినికిడిలోకి వస్తుంది. ఒక కొలత పదింతలు కావడం వల్ల ఘనపరిమాణం వెయ్యింతలు అవుతుంది గదా!

ఫలించిన నిరీక్షణ

2015 సెప్టెంబరు 14, భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు. కొత్త యంత్రం ఇంకా అధికారికంగా పరిశీలన ప్రారంభించలేదు. సన్నాహక పరీక్షలు జరుగుతున్నాయి. లివింగ్‌స్టన్ యంత్రం కదిలింది. సుమారు 7 మిల్లీసెకన్ల తరువాత హ్యాన్‌ఫర్డ్ యంత్రం అదే తీరున కదిలింది. సంకేతం సెకనులో అయిదవ వంతు మాత్రమే నిలిచింది. దానిని శబ్దంగా మారిస్తే మంద్రంలో మొదలై చకచకా పైకి ఎగబాకి ఠక్కున ఆగిపోయే పక్షికూతలా వినబడుతుంది.

ఈసారి రహస్య పరీక్ష ఏదీ లేదని నిర్ధారించుకొని, నెలలపాటు సరిచూసి, 2016 ఫిబ్రవరి 11న ప్రకటించారు. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు ఒకటైపోయాయి. ఒకటి సూర్యునికి 36 రెట్లు, రెండవది 29 రెట్లు బరువైనది. కలిసిన తరువాత మిగిలినది 62 రెట్లు. లోటు పడిన మూడు సూర్యుల ద్రవ్యరాశి శక్తిగా మారి గురుత్వ తరంగాలుగా వెలువడింది. వైస్, బారిష్, థోర్న్ 2017లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి అందుకొన్నారు. డ్రెవర్ ఆ సంవత్సరం మార్చిలోనే కన్నుమూశాడు.

యంత్రాన్ని నడపడం

నిర్మించడం ఒక ఎత్తు, నడపడం మరొక ఎత్తు. దర్పణాలన్నీ సరియైన స్థానాలలో కుదురుకొని, కాంతి భుజాలలో నిలకడగా ప్రతిఫలిస్తేనే పరిశీలన సాధ్యం. దూరదేశంలో పెద్ద భూకంపం వచ్చినా ఆ కుదురు చెదురుతుంది. మళ్లీ కూర్చుకోవడానికి కొన్నిసార్లు గంటలు పడుతుంది. అందుకే రేయింబవళ్లు నిపుణులు కనిపెట్టుకొని ఉంటారు.

రొద ఎటునుండి వస్తుందో ముందుగా చెప్పలేం. లివింగ్‌స్టన్ సమీపంలో రైళ్లు, చెట్లు నరికే పనులు యంత్రాన్ని ఇబ్బంది పెట్టాయి. 2017లో హ్యాన్‌ఫర్డ్‌లో వింత సంకేతాలు కనబడగా వెతికి చూశారు. చల్లని నైట్రోజన్ గొట్టంపై పేరుకొన్న మంచును దాహంగొన్న కాకి జాతి పక్షులు ముక్కులతో పొడుస్తున్నాయి! ఆ చప్పుడే నాలుగు కిలోమీటర్ల యంత్రానికి వినబడింది.

అష్టావధానాన్ని చూసినవారికి ఈ స్థితి సులభంగా అర్థమవుతుంది. పృచ్ఛకులలో ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటారు. మరొకరు అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రతను చెదరగొట్టజూస్తారు. అవధాని చెవులు మూసుకోడు. గంటలను లెక్కపెడుతూనే, అప్రస్తుతానికి బదులిస్తూనే పద్యాన్ని ధారణ చేస్తాడు. వేధశాల చేసేదీ అదే. నేల కదలికను, గాలిని, శబ్దాన్ని, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే అసంఖ్యాక పరికరాలు దాని చుట్టూ ఉంటాయి. ఏ రొద ఎంతో లెక్క తెలిసినప్పుడే హంస పాలనుండి నీటిని వేరుచేసినట్లు అసలు సంకేతాన్ని వేరుచేయడం వీలవుతుంది.

స్థలాన్ని ఎంచుకోవడంలోని కష్టమూ దీనివల్ల తెలుస్తుంది. కామారెడ్డి పట్టణానికి రైలుమార్గం ఉంది; చెంతనే 44వ జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు లారీలు నడుస్తుంటాయి. ఎల్లారెడ్డికి రైలు లేదు. ప్రయాణికునికి ఏది లోటో, ఇటువంటి యంత్రానికి అదే వరం.

కొంతకాలం పరిశీలన, మరికొంతకాలం సంస్కరణ – ఇది లైగో నడక. 2015 నుండి 2020 వరకు మూడు విడతలలో ఇటలీలోని ‘విర్గో’ వేధశాల తోడ్పాటుతో 90 సంకేతాలు నమోదయ్యాయి. 2019 నుండి ఫోటానుల తడబాటును కూడా అదుపులో పెట్టే విశేష కాంతిని వాడుతున్నారు. ఆ తరువాత అందుకోసమే 300 మీటర్ల పొడవైన మరొక కాంతిమార్గాన్ని నిర్మించారు. 2023 మే నుండి 2025 నవంబరు వరకు సాగిన నాలుగవ విడత మొత్తం సంఖ్యను రెండువందలు దాటించింది.

ఈ కృషి ఫలితం ఒక్క పోలికతో స్పష్టమవుతుంది. 2025 జనవరి 14, తెలుగునాట సంక్రాంతి పండుగనాటి మధ్యాహ్నం, మరొక తరంగం భూమిని దాటిపోయింది. అదీ సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుండి వచ్చినదే; ఆ కృష్ణబిలాలు కూడా ఇంచుమించు మొదటివాటి అంతటివే. కాని ఈసారి సంకేతం మూడు రెట్లు స్పష్టంగా వినబడింది. తరంగం మారలేదు, విన్న చెవి మారింది. కృష్ణబిలాలు కలిసినప్పుడు వాటి ఉపరితల వైశాల్యం తగ్గదని 1971లో స్టీఫెన్ హాకింగ్ చెప్పిన సిద్ధాంతాన్ని ఆ స్పష్టత వల్ల గట్టిగా పరీక్షించగలిగారు. అది నిలిచింది. కొట్టి విడిచిన గంట క్రమంగా మౌనం వహించినట్లు కృష్ణబిలం కూడా మోగి శాంతిస్తుందని 1970లో చూపినవాడు భారతీయ శాస్త్రజ్ఞుడు సి.వి. విశ్వేశ్వర. ఆ మోత ఇప్పుడు స్పష్టంగా వినబడింది.

మన పొరుగున మరొక చెవి

కిల్లారి ఉదాహరణను మరొకసారి తలచుకుందాం. ఎల్లారెడ్డి, కామారెడ్డి లేఖినులు కలిసి కంపం పడమట పుట్టిందని చెప్పగలవు. ఏ ఊరిలో పుట్టిందో చెప్పలేవు. దానికి మూడవ చోటు కావాలి. ఆకాశం విషయమూ అంతే. 2017 ఆగస్టు 14న వచ్చిన తరంగం రెండు లైగోల లెక్క ప్రకారం 1160 చదరపు డిగ్రీల ఆకాశంలో ఎక్కడైనా పుట్టి ఉండవచ్చు. విర్గో సమాచారం కలపగానే ఆ వైశాల్యం 60 చదరపు డిగ్రీలకు తగ్గింది. మూడు రోజుల తరువాత రెండు న్యూట్రాన్ తారలు కలిసినప్పుడు విర్గోకు సంకేతం సరిగా వినబడనే లేదు. ఆ తరంగం దానికి వినబడని దిక్కునుండి వచ్చిందన్న సంగతే చోటు పోల్చడానికి తోడ్పడింది. వెంటనే దూరదర్శినులు అటు తిరిగి, బంగారం, ప్లాటినం వంటి బరువైన మూలకాలు అటువంటి కలయికలలో పుడతాయనడానికి సాక్ష్యం చూశాయి.

చెవులు ఎంత దూరదూరంగా ఉంటే దిక్కు అంత బాగా తెలుస్తుంది. అమెరికా, ఐరోపా, జపానులకు దూరంగా భారతదేశంలో ఒకటి ఉండాలన్న ఆలోచన అందువల్లనే కలిగింది. దీనికోసం 2009లో భారతీయ శాస్త్రజ్ఞులు ‘ఇండిగో’ అనే సమాఖ్యగా ఏర్పడ్డారు. రొదలోనుండి సంకేతాన్ని వెలికితీసే పద్ధతులపై సంజీవ్ ధురంధర్, తరంగ రూపాల గణనపై బాలా అయ్యర్ అంతకు ముందునుండే విశేష కృషి చేశారు. హ్యాన్‌ఫర్డ్‌లో రెండవ యంత్రానికని ఉద్దేశించిన భాగాలను భారతదేశానికి ఇవ్వడానికి అమెరికా శాస్త్రజ్ఞులు అంగీకరించి భద్రపరిచారు.

కేంద్ర మంత్రివర్గం 2016 ఫిబ్రవరిలో సూత్రప్రాయంగా ఆమోదించింది. పూర్తి ఆమోదం రావడానికి మరి ఏడేళ్లు పట్టింది. 2023 ఏప్రిల్‌లో సుమారు 2600 కోట్ల రూపాయల అంచనాతో అనుమతి లభించింది. మే 11న శంకుస్థాపన జరిగింది. 2030 నాటికి పూర్తిచేయాలన్నది అప్పటి లక్ష్యం. ఇందౌరులోని రాజా రామన్న కేంద్రం, గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ, పుణేలోని ‘అయూకా’, అణుశక్తి శాఖకు చెందిన నిర్మాణ విభాగం ఈ బాధ్యత వహిస్తున్నాయి.

ఆ స్థలం మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో, జ్యోతిర్లింగ క్షేత్రంగా ప్రసిద్ధమైన ఔంఢా నాగనాథ్ సమీపంలో ఉంది. కామారెడ్డిలో రైలెక్కితే నిజామాబాదు, బాసర, నాందేడ్ మీదుగా పూర్ణా చేరవచ్చు. అక్కడనుండి అకోలా వెళ్లే దారిలోనే హింగోలి ఉంది. 1956 వరకు ఆ సీమ కూడా హైదరాబాదు రాష్ట్రంలో అంతర్భాగమే. ప్రశాంతమైన నేల అని దానిని ఎంచుకొన్నా, 2024లో హింగోలి జిల్లాలో చిన్నపాటి భూకంపాలు వచ్చాయి. పూర్తిగా కదలని నేల ఈ భూమిపై ఎక్కడా లేదు. కదిలే నేలమీద కదలని దర్పణాన్ని నిలబెట్టడమే ఈ శాస్త్రం సాధించవలసిన పని.

ఆ పని భౌతికశాస్త్రజ్ఞులతోనే పూర్తికాదు. ఎనిమిది కిలోమీటర్ల గొట్టాన్ని గాలి చొరకుండా అతికేవారు, దర్పణాలకు మెరుగుపెట్టేవారు, విద్యుత్ పరికరాలను సరిదిద్దేవారు, రాశులకొద్దీ వచ్చే సమాచారాన్ని గణకయంత్రాలతో వడపోసేవారు, రాత్రి పాళీలో మెలకువగా కూర్చొనేవారు – అందరూ కావాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి కళాశాలల్లో నేడు ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థులు తమ చదువులు ముగించుకొని వృత్తులలో కుదురుకొనే నాటికి ఆ వేధశాలకు వారి వంటివారి అవసరం ఉంటుంది. అది వారి జిల్లా సరిహద్దుకు ఎంతో దూరంలో లేదు.

ప్రశ్నలు

1. గురుత్వ తరంగం దాటిపోయేటప్పుడు దూరాలలో ఎటువంటి మార్పు కలుగుతుంది?
2. ‘బిగ్ డాగ్’ సంకేతం వల్ల శాస్త్రజ్ఞులకు కలిగిన లాభం ఏమిటి?
3. దర్పణాలను ఉక్కు తీగలకు బదులు గాజు పోగులతో ఎందుకు వేలాడదీశారు?
4. వేధశాలను అవధానితో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
5. ‘తరంగం మారలేదు, విన్న చెవి మారింది.’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
6. భారతదేశంలో వేధశాల నెలకొల్పవలసిన ఆవశ్యకతను గురించి వ్యాసం రాయండి.